మిలిటరీ నుంచి వచ్చి లారీ నడపాలనుకుంటున్నారా? లైసెన్సు, జీతం, సొంత బండి.. ముందే తెలుసుకోవాల్సినవి ఇవీ

నర్సీపట్నం నుంచి ఎగువ దారి పడితే లంబసింగి, చింతపల్లి ఘాట్. దిగువకు వస్తే తాళ్లపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి. అక్కడి నుంచి అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ, స్టీల్ ప్లాంటు, గంగవరం, విశాఖ పోర్టులు అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. భారీ బండి నడపడం వచ్చినవాళ్లకు ఈ ప్రాంతంలో పని దొరకడం పెద్ద కష్టం కాదు.

అందుకే ఆర్మీలో డ్రైవర్ ట్రేడ్‌లో పనిచేసి 40 ఏళ్ల అటూఇటూ వయసులో పెన్షన్ మీద ఇంటికి వచ్చిన చాలామందికి ముందుగా తట్టే ఆలోచన లారీయే. కొండ దారుల్లో, మంచులో, కాన్వాయ్‌లలో బండి నడిపిన అనుభవం ఉంటుంది. చేతిలో ఒకేసారి వచ్చిన రిటైర్మెంటు డబ్బు కూడా ఉంటుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకరు ‘నెలకు ఇంత జీతం’ అంటారు. ఇంకొకరు ‘ట్రిప్పుకు ఇంత’ అంటారు. మరొకరు ‘జీతానికి ఎందుకు అన్నా, సొంత బండి తీసుకో’ అంటారు. ఈ మూడింటిలో పైకి పెద్దగా కనిపించే అంకె, నెలాఖరుకు చేతిలో మిగిలేది ఒకటి కావు. లైసెన్సు మార్పిడి నుంచి సొంత లారీ లెక్కల వరకు వివరాలు చూద్దాం.

క్లుప్తంగా..

• మిలిటరీ డ్రైవింగ్ లైసెన్సుతో సివిల్ లారీ నడపడం కుదరదు. కానీ దాని ఆధారంగా సివిల్ లైసెన్సు తీసుకునేటప్పుడు డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది.
• ప్రైవేటు లారీ ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికుల కోటా పోదు.
• జీతాలను పోల్చేటప్పుడు నెల మొత్తం కాకుండా, ఖర్చులు పోగా గంటకు ఎంత మిగులుతుందో చూడాలి.
• కమ్యుటేషన్ సొమ్ము బోనస్ కాదు. అది మీ రాబోయే 15 ఏళ్ల పెన్షన్‌లో భాగం. దాన్ని లారీ డౌన్‌పేమెంట్‌లో పెట్టే ముందు ఆలోచించాలి.

మిలిటరీ లైసెన్సుతో లారీ నడపొచ్చా?

నడపకూడదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 18వ సెక్షన్ కింద రక్షణ శాఖ అధికారులు ఇచ్చే లైసెన్సు, కేంద్ర ప్రభుత్వానికి చెందిన రక్షణ వాహనాలకే పరిమితం. అదే సెక్షన్‌లో, ఈ లైసెన్సు ఉన్నవారు వేరే బండి నడపడానికి అర్హులు కారని స్పష్టంగా ఉంది. ఇరవై ఏళ్లు ‘స్టాలియన్’ నడిపిన హవల్దార్ అయినా సివిల్ లైసెన్సు లేకుండా ఓనరు లారీ ఎక్కితే లైసెన్సు లేని డ్రైవర్ కిందే లెక్క. చట్టం ప్రకారం దీనికి జరిమానా రూ.5,000. అంతకంటే పెద్ద సమస్య ప్రమాదం జరిగినప్పుడు వస్తుంది. సరైన లైసెన్సు లేదనే కారణంతో బీమా కంపెనీ పేచీ పెడుతుంది.

అయితే అదే చట్టంలోని 9వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. 18వ సెక్షన్ కింద ఏ తరగతి వాహనానికి లైసెన్సు ఉందో, లేదా గతంలో ఉండేదో, ఆ తరగతి సివిల్ లైసెన్సుకు దరఖాస్తు చేసినప్పుడు డ్రైవింగ్ పరీక్ష అవసరం లేదు. ఇందుకు రుజువు చూపించాలి. కాబట్టి యూనిట్ నుంచి వచ్చేటప్పుడే ఈ కాగితాలు సిద్ధం చేసుకోవాలి.

• మిలిటరీ డ్రైవింగ్ లైసెన్సు అసలు ప్రతి, అందులో వాహనం తరగతి స్పష్టంగా ఉండాలి
• ఏయే బండ్లు, ఎన్నేళ్లు నడిపారో తెలిపే యూనిట్ సర్టిఫికెట్
• డిశ్చార్జి బుక్కు
• ఆధార్, చిరునామా రుజువు
• రిజిస్టర్డ్ డాక్టరు ఇచ్చే ఫారం 1ఎ వైద్య ధ్రువపత్రం

దరఖాస్తు పరివాహన్ వెబ్‌సైట్‌లోని సారథి విభాగంలో చేసుకుని, మీ పరిధిలోని రవాణా శాఖ కార్యాలయానికి అసలు కాగితాలతో వెళ్లాలి. మినహాయింపు గురించి కౌంటర్‌లో ఉన్నవారికి వెంటనే గుర్తుకు రాకపోవచ్చు. ‘సెక్షన్ 9, సెక్షన్ 18’ అని దరఖాస్తులోనే రాసి ఇస్తే పని సులువవుతుంది.

అమెరికాలోనూ దాదాపు ఇలాంటి ఏర్పాటే ఉంది. అక్కడ సైన్యంలో కనీసం రెండేళ్లు భారీ వాహనాలు నడిపి, ప్రమాదాలు లేని రికార్డు ఉన్నవారికి, సర్వీసులో ఉండగానో బయటికి వచ్చిన ఏడాదిలోపో దరఖాస్తు చేస్తే నైపుణ్య పరీక్ష మినహాయిస్తారు. ఎక్కడైనా విషయం ఒక్కటే: అనుభవం ఉంటే చాలదు, అది కాగితం మీద ఉండాలి.

డ్రైవర్ ట్రేడ్ కాకపోతే?

ఇన్‌ఫాంట్రీలోనో, సిగ్నల్స్‌లోనో పనిచేసి, మిలిటరీ లైసెన్సు లేనివారు మామూలు దారిలోనే రావాలి. రవాణా వాహనం నడపడానికి కనీసం 20 ఏళ్లు నిండాలి. ఆ తరగతి లెర్నర్ లైసెన్సు రావాలంటే అంతకు ముందు ఏడాది పాటు లైట్ మోటారు వెహికల్ (ఎల్‌ఎంవీ) లైసెన్సు ఉండాలి. సర్వీసులో ఉండగా సెలవుపై వచ్చినప్పుడే ఎల్‌ఎంవీ తీసుకుని ఉంచుకుంటే పెన్షన్ వచ్చాక ఏడాది వృథా కాదు.

చిన్న గూడ్స్ బండ్లకు మాత్రం ఈ నిరీక్షణ అక్కర్లేదు. లోడుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది.

రవాణా వాహన లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. పెట్రోలు, గ్యాస్, రసాయనాల ట్యాంకర్లు నడపాలంటే ప్రమాదకర సరుకుల శిక్షణ పొంది, లైసెన్సుపై ప్రత్యేకంగా ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. దాని గడువు మూడేళ్లు. విశాఖ రిఫైనరీ, ఫార్మా కంపెనీలు దగ్గర్లో ఉన్న ఈ ప్రాంతంలో ఈ ఎండార్స్‌మెంట్‌కు గిరాకీ ఉంది. క్రమశిక్షణ, రికార్డుల నిర్వహణ అలవాటైన మాజీ సైనికులకు ఇది సరిపోయే పని కూడా.

ముందు ఎక్కడ పేరు నమోదు చేసుకోవాలి?

ఉమ్మడి విశాఖ జిల్లా వారికి విశాఖపట్నంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. నర్సీపట్నం 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది కాబట్టి, మీ ఫైలు ఏ కార్యాలయం చూస్తుందో ముందుగా ఫోన్‌లో కనుక్కుని వెళ్తే 80 కిలోమీటర్ల ప్రయాణం రెండుసార్లు చేయాల్సిన అవసరం ఉండదు. ఈ కార్యాలయం మాజీ సైనికుల గుర్తింపు కార్డు ఇస్తుంది. ఉద్యోగాల కోసం పేరు నమోదు చేస్తుంది. ఖాళీలు ఉన్న సంస్థలు అడిగినప్పుడు పేర్లు పంపుతుంది. తెలంగాణ ఆర్టీసీ 2024లో మాజీ సైనికులను కాంట్రాక్టు డ్రైవర్లుగా తీసుకోవాలని నిర్ణయించినప్పుడు కూడా ఈ కార్యాలయాల ద్వారానే సమాచారం వెళ్లింది. నమోదు లేకపోతే ఇలాంటివి తెలిసేసరికి గడువు అయిపోతుంది.

ఇంకా సర్వీసులో ఉన్నవారికి మరో అవకాశం ఉంది. రక్షణ శాఖ పరిధిలోని డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ (డీజీఆర్) చివరి ఏడాదిలో ఉపాధి శిక్షణ కోర్సులు నడుపుతుంది. డీజీఆర్ వద్ద బొగ్గు రవాణా పథకం కూడా ఉంది. కానీ అది ప్రధానంగా మాజీ అధికారులు కంపెనీగా ఏర్పడి కోల్ ఇండియా అనుబంధ సంస్థల గనుల్లో పనిచేసేది. నర్సీపట్నంలో ఉండి లారీ నడపాలనుకునే జవానుకు అది నేరుగా ఉపయోగపడదు.

ప్రభుత్వ డ్రైవర్ ఉద్యోగం: కోటా ఎంత?

• ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నియామకాల్లో మాజీ సైనికులకు 2 శాతం.
• కేంద్ర ప్రభుత్వ శాఖల్లో గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం.
• కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల్లో గ్రూప్-సి స్థాయిలో 14.5 శాతం, గ్రూప్-డి స్థాయిలో 24.5 శాతం. ఇందులో 4.5 శాతం విధుల్లో వికలాంగులైన మాజీ సైనికులకు, అమరుల కుటుంబాలకు కేటాయించినది.

వయసు విషయంలో భయం అక్కర్లేదు. కేంద్ర గ్రూప్-సి పోస్టులకు మీ అసలు వయసు నుంచి సైన్యంలో చేసిన సర్వీసు తీసేసి, మిగిలింది గరిష్ఠ వయసు కంటే మూడేళ్లకు మించి ఎక్కువ లేకపోతే చాలు. ఉదాహరణకు 41 ఏళ్ల వయసు, 20 ఏళ్ల సర్వీసు ఉంటే లెక్కలోకి వచ్చే వయసు 21.

నౌకాదళం, ఇతర రక్షణ సంస్థల్లో ‘సివిలియన్ మోటార్ డ్రైవర్’ (ఆర్డినరీ గ్రేడ్) పోస్టులకు ఏడో వేతన సంఘం లెవల్-2 స్కేలు, అంటే మూల వేతనం రూ.19,900 నుంచి మొదలవుతుంది. దానిపై డీఏ, హెచ్‌ఆర్‌ఏ వస్తాయి. కమిషన్డ్ ఆఫీసర్ కంటే కింది ర్యాంకులో 55 ఏళ్లలోపు రిటైరైనవారు కేంద్ర ఉద్యోగంలో చేరితే జీతం నిర్ణయించేటప్పుడు మిలిటరీ పెన్షన్‌ను పూర్తిగా పక్కన పెడతారు. అంటే పెన్షన్ వస్తోందని జీతం కోయరు.

ఏపీఎస్‌ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. కానీ రెగ్యులర్ నియామకం వేరు, ఆన్‌కాల్ డ్యూటీ వేరు. ఆన్‌కాల్‌లో డ్యూటీ చేసిన రోజుకే డబ్బు. ‘ఆర్టీసీలో ఉద్యోగం’ అని ఎవరైనా చెబితే ఈ రెండింటిలో ఏదో ముందు అడగాలి.

‘ఇప్పుడు ప్రైవేటులో చేరితే కోటా పోతుందేమో’ అనేది చాలామంది సందేహం. పోదు. కేంద్ర నిబంధనల ప్రకారం మాజీ సైనికుడి కోటాతో ప్రభుత్వంలో రెగ్యులర్ ఉద్యోగంలో చేరినప్పుడే ఆ ప్రయోజనం వాడుకున్నట్టు. ప్రైవేటు ఉద్యోగం, ఎప్పుడైనా తీసేయగల కాంట్రాక్టు, తాత్కాలిక ఉద్యోగం ఆ లెక్కలోకి రావు. ఒకవేళ ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరే నాటికే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉంటే, చేరిన వెంటనే ఆ దరఖాస్తుల వివరాలు తేదీలతో సహా రాసి ఇవ్వాలి. అప్పుడు వాటికి కూడా కోటా వర్తిస్తుంది. కాబట్టి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ లారీ ఉద్యోగం చేసుకోవచ్చు.

ప్రైవేటులో జీతం ఎన్ని రకాలు?

నెల జీతం + బత్తా: కంపెనీలు, పెద్ద ట్రాన్స్‌పోర్టు సంస్థల్లో ఎక్కువ. పీఎఫ్ ఉంటుంది. లోడు ఉన్నా లేకున్నా జీతం వస్తుంది.

ట్రిప్పు లెక్క: ఒక్కో ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకుంటారు. తిండి ఖర్చు తరచూ అందులోనే. అన్‌లోడింగ్ కోసం మూడు రోజులు గేటు బయట ఆగినా ట్రిప్పు డబ్బు మారదు.

కిలోమీటరు లెక్క, డీజిల్ ఆదా: తిరిగిన దూరాన్ని బట్టి ఇంత, నిర్ణయించిన మైలేజీ కంటే డీజిల్ మిగిలితే అందులో వాటా. మైలేజీ లెక్క ఎవరు, ఎలా కడతారో తెలియకపోతే మిగులుకు బదులు కోత పడుతుంది. ఘాట్ రోడ్డుకు, హైవేకు ఒకే మైలేజీ పెడితే ఒప్పుకోవద్దు.

కిరాయిలో వాటా: మొత్తం కిరాయిలో కొంత శాతం. లోడ్లు బాగుంటే మంచిదే. కానీ మార్కెట్ పడితే ఓనరు నష్టంలో మీకూ భాగం ఉంటుంది.

ఏది మేలు? ఒక లెక్క వేసి చూద్దాం

కింది అంకెలు ఉదాహరణ కోసం వేసినవి. మీకు వచ్చిన ఆఫర్ అంకెలు వాటి స్థానంలో పెట్టి చూసుకోండి.

ఆఫర్ 1: పరవాడ వైపు కంపెనీలో నెల జీతం రూ.24,000. రోజు బత్తా తిండికి సరిపోతుంది. పీఎఫ్ కింద రూ.1,800 కోత, కంపెనీ వాటా మరో రూ.1,800. గది అద్దె రూ.3,500, వారానికోసారి నర్సీపట్నం రాకపోకలకు రూ.1,500. చేతిలో మిగిలేది రూ.17,200. పీఎఫ్ రెండు వాటాలూ కలిపితే రూ.20,800.

ఆఫర్ 2: ట్రిప్పుకు రూ.6,500, ‘నెలకు ఐదు ట్రిప్పులు గ్యారంటీ’ అంటారు. అంటే రూ.32,500. రోజుకు రూ.350 చొప్పున 25 రోజుల తిండి, ఇతర ఖర్చులు రూ.8,750. మిగిలేది రూ.23,750. లోడ్లు తగ్గి మూడు ట్రిప్పులే అయిన నెలలో, రోడ్డు మీద అవే 25 రోజులు గడిపితే, మిగిలేది రూ.10,750. ఏడాదిలో ఎనిమిది మంచి నెలలు, నాలుగు మందకొడి నెలలు అనుకుంటే సగటు నెలకు సుమారు రూ.19,400.

పైకి ఎనిమిదిన్నర వేలు ఎక్కువగా కనిపించిన ఆఫర్, ఏడాది చివరికి వెనకబడింది. ఇప్పుడు గంటలు చూడండి. మొదటి దానిలో రోజుకు 8 గంటలు, 26 రోజులు అంటే 208 గంటలు. గంటకు రూ.100. రెండో దానిలో డ్రైవింగ్, లోడింగ్, నిరీక్షణ కలిపి రోజుకు 14 గంటలు, 25 రోజులు అంటే 350 గంటలు. గంటకు రూ.55 పైచిలుకు మాత్రమే.

దీన్నిబట్టి ట్రిప్పు లెక్క ఎప్పుడూ నష్టమని కాదు. తిరుగు లోడు ఖాయంగా ఉండి, ఆగిన రోజుకు ‘హాల్టింగ్’ డబ్బు ఇస్తే అదే మేలు కావచ్చు. అడగాల్సింది ‘నెలకు ఎంత’ అని కాదు, ‘బండి ఆగిన రోజున ఎంత’ అని.

పని గంటల విషయంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. కొత్త కార్మిక కోడ్‌లు ఈ చట్టాన్ని తమలో కలుపుకున్నాయి. లారీ రంగంలో ఈ పరిమితి చాలాచోట్ల కాగితాలకే పరిమితమైందన్నది అందరికీ తెలిసిందే. దీనికి తోడు ఈ-వే బిల్లు గడువు సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది. ఆలస్యమైతే ఒత్తిడి చివరికి పడేది డ్రైవర్ మీదే.

సొంత లారీ: కమ్యుటేషన్ సొమ్ము పెట్టొచ్చా?

సైనికులు రిటైరయ్యేటప్పుడు పెన్షన్‌లో 50 శాతం వరకు కమ్యుట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. ఆ మేరకు నెలవారీ పెన్షన్ తగ్గుతుంది. 15 ఏళ్ల తర్వాతే పూర్తి పెన్షన్ తిరిగి వస్తుంది. అంటే ఆ సొమ్ముతో లారీ కొంటే, బండి నడిచినా నడవకపోయినా దాని ఖర్చు 15 ఏళ్లపాటు మీ పెన్షన్ నుంచి కడుతున్నట్టే. లారీ అన్నేళ్లు సంపాదిస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

ఒక ఉదాహరణ. పాత లారీ ధర రూ.18 లక్షలు. చేతి డబ్బు రూ.5 లక్షలు, అప్పు రూ.13 లక్షలు. వడ్డీ 12 శాతం, నాలుగేళ్ల గడువు అయితే ఈఎంఐ సుమారు రూ.34,200. బీమా, ట్యాక్స్, ఎఫ్‌సీ కలిపి నెలకు రూ.10,000 పక్కన పెట్టాలి. టైర్లు, రిపేర్లకు రూ.15,000. డీజిల్ పోయకముందే నెలకు రూ.59,200 ఖర్చు ఖాయం.

నెలంతా బాగా తిరిగి రూ.2,40,000 కిరాయి వచ్చిందనుకుందాం. డీజిల్ రూ.1,30,000, టోల్, లోడింగ్, దారి ఖర్చులు రూ.30,000 పోతే రూ.80,000. అందులో రూ.59,200 తీస్తే మిగిలేది రూ.20,800. మొదటి ఆఫర్‌లో వచ్చినంతే. అదీ డ్రైవింగ్ మీరే చేసి, మీ జీతం లెక్కలో వేసుకోకుండా. కిరాయి సగమైన నెలలో డీజిల్, టోల్ కూడా సగమైనా దాదాపు రూ.19,000 ఎదురు కట్టాలి. అది పెన్షన్ నుంచే పోతుంది.

మరోవైపు, నాలుగేళ్లు ఈఎంఐ తప్పకుండా కట్టగలిగితే బండి మీదవుతుంది. జీతంలో అది రాదు. అందుకే సొంత బండి తప్పని కాదు. కొనే ముందు ఈ నాలుగు చూసుకోవాలి.

• బండి వయసు: సాధారణ లారీకి 12 ఏళ్లు, మల్టీయాక్సిల్‌కు 15 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు. 8 ఏళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి.
• లోడు ఒప్పందం: ఏదైనా కంపెనీతోనో, ట్రాన్స్‌పోర్టుతోనో రాతపూర్వక ఒప్పందం ఉందా? డబ్బు ఎన్ని రోజులకు ఇస్తారు? 60 రోజుల తర్వాత ఇస్తే అప్పటివరకు డీజిల్‌కు పెట్టుబడి ఎక్కడిది?
• నిల్వ: కనీసం మూడు నెలల ఖాయం ఖర్చు బ్యాంకులో ఉందా?
• ముందు అనుభవం: ఒక ఏడాది జీతానికి అదే రూటులో నడిపి చూశారా? ఆర్మీలో డీజిల్, టైర్లు, రిపేర్లు యూనిట్ చూసుకుంటుంది. ఇక్కడ ఆ లెక్కంతా మీదే.

రుణాల సంగతి?

ముద్ర పథకంలో రూ.10 లక్షల వరకు రుణం వస్తుంది. ‘తరుణ్’ రుణం తీసుకుని సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి పరిమితి రూ.20 లక్షలకు పెంచారు. కొత్తగా వచ్చేవారికి పది లక్షలే పరిమితి.

పీఎంఈజీపీ పథకంలో మాజీ సైనికులు ప్రత్యేక విభాగం కిందికి వస్తారు. గ్రామీణ ప్రాంతంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతమే. అయితే వాహనాల కొనుగోలుపై ఈ పథకంలో పరిమితులున్నాయి. కాబట్టి లారీకి సబ్సిడీ వస్తుందని ఎవరో చెప్పారని అడ్వాన్సు కట్టేయకండి. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి, బ్యాంకు ఆమోదం చేతికి వచ్చాకే ముందుకు వెళ్లండి. గ్యారేజీ, టైర్ల పని, వీల్ అలైన్‌మెంట్ లాంటి సర్వీసు యూనిట్‌కు ఈ పథకం ఎక్కువ అనువుగా ఉంటుంది.

అగ్నివీరులకు ఇదే లెక్క వర్తిస్తుందా?

వర్తించదు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరినవారిలో 25 శాతం వరకు మాత్రమే రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. మిగతావారు నాలుగేళ్లకు సేవానిధి కింద వడ్డీ కాకుండా దాదాపు రూ.10 లక్షలతో, వడ్డీతో కలిపి సుమారు రూ.11.71 లక్షలతో బయటికి వస్తారు. పెన్షన్ ఉండదు.

పెన్షన్ ఉన్న మాజీ సైనికుడికి ఒక నెల లోడ్లు తగ్గినా ఇల్లు గడుస్తుంది. పాతికేళ్ల వయసులో బయటికి వచ్చే అగ్నివీరుడికి ఆ ఆసరా లేదు. కాబట్టి పీఎఫ్ ఉన్న నెల జీతం ఉద్యోగమే మొదటి మెట్టు కావడం మంచిది. సేవానిధి మొత్తాన్ని ఒకే లారీ మీద పెట్టడం ఈ వయసులో చేయగలిగే పెద్ద సాహసాల్లో ఒకటి.

డ్యూటీలో చేరే ముందు ఏం అడగాలి?

1. నియామక పత్రం ఇస్తారా? అందులో జీతం, బత్తా, సెలవులు వేర్వేరుగా రాసి ఉన్నాయా?
2. బండి బీమాలో జీతం తీసుకునే డ్రైవర్‌కు కవర్ ఉందా? గాయపడితే పరిహారం ఎవరు ఇస్తారు?
3. సరుకు తగ్గినా, దెబ్బతిన్నా జీతంలో కోస్తారా? లోడింగ్ దగ్గర, దింపే దగ్గర కాటా చీటీలు మీ చేతికి ఇస్తారా?
4. ఓవర్‌లోడు జరిమానా ఎవరిది? చట్టంలో ఇది రూ.20,000, అదనపు టన్నుకు మరో రూ.2,000. నడిపినవారు, నడిపించినవారు ఇద్దరూ బాధ్యులే.
5. క్యాబిన్‌లో ఏసీ ఉందా? కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి.
6. శిక్షణ పేరుతో బాండు రాయమంటున్నారా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి?

డిశ్చార్జి బుక్కు, పీపీఓ, లైసెన్సు అసలు ప్రతులు ఎవరి దగ్గరా తాకట్టుగా పెట్టకండి. జిరాక్సులు చాలు. ‘ముందు డబ్బు కడితే ఉద్యోగం’ అనేవారికి దూరంగా ఉండండి.

ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు తెలపడం మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవర్ బాధ్యత. జనం దాడి చేసే పరిస్థితి ఉంటే అక్కడి నుంచి తప్పుకుని నేరుగా స్టేషన్‌కు వెళ్లాలి.

గల్ఫ్ నుంచి ఆఫర్ వస్తే?

హెవీ డ్రైవర్లకు గల్ఫ్‌లో పని ఉంటుంది. కానీ అక్కడి లైసెన్సు వేరుగా తీసుకోవాలి. ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ మాత్రమే. అంతకుమించి అడిగితే అనుమానించాల్సిందే. విదేశంలో ఉన్నా పెన్షన్ ఆగకుండా ఏటా స్పర్శ్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరవొద్దు.

జీతం వస్తే పెన్షన్ తగ్గుతుందా? పన్ను పడుతుందా?

ప్రైవేటు ఉద్యోగంలో చేరితే పెన్షన్, దానిపై డీఆర్ రెండూ యథాతథంగా వస్తాయి. ప్రభుత్వంలోనో, ప్రభుత్వ రంగ సంస్థలోనో చేరితే డీఆర్ నిబంధనలు వేరు కాబట్టి, చేరిన వెంటనే పెన్షన్ ఇచ్చే కార్యాలయానికి తెలపాలి. చెప్పకుండా ఉంటే తర్వాత రికవరీ పెడతారు.

పన్ను లెక్కలో పెన్షన్, జీతం రెండూ కలుస్తాయి. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి ఏడాదికి రూ.12.75 లక్షల వరకు పన్ను లేదు. పెన్షన్ తీసుకుంటూ లారీ నడిపే చాలామంది ఈ పరిమితిలోపే ఉంటారు. అయినా టీడీఎస్ కోసి ఉంటే రిటర్ను వేస్తేనే తిరిగి వస్తుంది.

మొత్తంగా చూస్తే వరుస ఇలా ఉంటే మేలు: సర్వీసులో ఉండగానే లైసెన్సు కాగితాలు, ఇంటికి రాగానే సైనిక సంక్షేమ కార్యాలయంలో నమోదు, ఏడాది పాటు నెల జీతంపై డ్యూటీ, పక్కనే ప్రభుత్వ నోటిఫికేషన్లకు దరఖాస్తులు. సొంత బండి ఆలోచన ఆ తర్వాతే. కమ్యుటేషన్ డబ్బు ఆ ఏడాది బ్యాంకులో ఉంటే వచ్చే నష్టమేమీ లేదు. రూటు, కిరాయి, ఖర్చులు తెలియకుండా బండిలో పెడితే మాత్రం దాని భారం 15 ఏళ్లు మోయాలి.